ఫైబర్ బోటులో ఫ్రేము అతుకు ఊడిందా? రెజిన్ డబ్బా తర్వాత తెరవండి

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైతే జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, ఇంజిన్ బోట్లు ఒడ్డునే ఉంటాయి. మా కాకినాడ వైపు ఫైబర్ బోట్ల రిపేర్లు దాదాపు అన్నీ ఆ రెండు నెలల్లోనే పడతాయి. ఆ రోజుల్లో నాకు ఎక్కువగా వినిపించే మాట ఒకటే: "ఫ్రేము ఊడిందండి, ఓ నాలుగు మ్యాట్లేసి పంపించెయ్యండి." మ్యాట్ అంటే గాజు పోగుల పరుపు లాంటి గుడ్డ, రెజిన్ అంటే దాన్ని తడిపి గట్టిపడే జిగురు ద్రవం. నాలుగు మ్యాట్లు వెయ్యడానికి ఒక పూట చాలు. అవి వచ్చే ఏడాదికి కూడా అక్కడే ఉండాలంటే మాత్రం ముందు రెండు రోజులు గ్రైండరు పట్టుకుని దుమ్ము తినాలి. ఈ రెండో సంగతి ఎవరికీ నచ్చదు, డబ్బులిచ్చేవాళ్ళకి అసలే నచ్చదు.

నేను రాసేది సముద్రం మీదికి వెళ్ళే చిన్న ఫైబర్ బోట్ల గురించి, అందులోనూ అడుగు చిప్పకి (బోటు బయటి పెంకుకి) లోపలి ఫ్రేములు (అడ్డంగా ఉండే పక్కటెముకలు), నిలువు స్ట్రింగర్లు (బోటు పొడుగునా సాగే పట్టెలు), ఇంజిన్ బెడ్డు అతుక్కునే చోటు గురించి. మేకులు, బోల్టులు లేకుండా కేవలం రెజిన్ పట్టు మీద నిలబడే అతుకు అది. ఫ్రేముని చిప్ప మీద నిలబెట్టి, రెండు పక్కలా మ్యాట్ పట్టీలు వేస్తారు, సగం ఫ్రేము మీద, సగం చిప్ప మీద. బోటు బలమంతా ఆ పట్టీల్లో ఉంటుంది. అవి ఊడితే ఫ్రేము ఉన్నట్టే కనిపిస్తుంది కానీ పని చెయ్యదు, చిప్ప అల వచ్చినప్పుడల్లా డబ్బా రేకులా ఊగుతూ ఉంటుంది.

అతుకు ఎక్కడ తెగుతుంది

గోడకి అంటించిన సినిమా పోస్టరుని గుర్తు తెచ్చుకోండి. అరచెయ్యి ఆనించి పక్కకి తోస్తే కదలదు. మూల దగ్గర గోరు దూరిందా, సర్రున మొత్తం వచ్చేస్తుంది. రెజిన్ పట్టు కూడా అంతే. పక్కకి లాగే బలాన్ని బాగా ఓర్చుకుంటుంది, అంచు దగ్గర పైకి ఒలిచే బలానికి చాలా తొందరగా లొంగిపోతుంది. కాబట్టి అతుకు డిజైన్ అంటే ఎంత వెడల్పు, ఎన్ని మ్యాట్లు అన్న లెక్క కంటే ముందు, ఒలిచే బలం అంచు మీద పడకుండా ఎలా చూడాలి అన్న ప్రశ్న.

ఇంకో సంగతి, ఇది చాలామంది నమ్మరు. పట్టీ వెడల్పు రెట్టింపు చేస్తే బలం రెట్టింపు అవదు. అతుకు మీద పడే బరువు దాని పొడుగునా సమంగా పంచుకోదు, రెండు చివర్ల దగ్గరే పోగుపడుతుంది, మధ్యలో ఉన్న జిగురు చాలావరకు ఊరికే కూర్చుంటుంది. ఒక హద్దు దాటాక వెడల్పు పెంచడమంటే ఆ ఊరికే కూర్చునే భాగాన్ని పెంచడమే. మందం పెంచడం ఇంకా ప్రమాదం. 6 మి.మీ. చిప్ప మీద 8 మి.మీ. పట్టీ వేసి అంచుని గోడలా నిలువుగా వదిలేస్తే, ఊగే చిప్ప, ఊగని పట్టీ కలిసే ఆ గీత దగ్గరే పగులు పుడుతుంది. "గట్టిగా వేయించాను గదండీ, మళ్ళీ ఎందుకు పగిలింది" అని అడిగేవాళ్ళకి నా జవాబు, గట్టిగా వేయించారు కాబట్టే పగిలింది అని. వినడానికి వెటకారంలా ఉంటుంది, కానీ నిజం.

మన తీరంలో ఈ బాధ ఎక్కువ. హార్బరు లేని ఊళ్ళలో బోటు అలల్ని చీల్చుకుంటూ వచ్చి నేరుగా ఇసుక మీద కూర్చుంటుంది. 1979లో మద్రాసు కేంద్రంగా చిన్న మత్స్యకారుల కోసం మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాం అనే పథకం వాళ్ళు ఇలా ఒడ్డెక్కే బోట్లకోసమే ప్రత్యేకంగా డిజైన్లు చేశారంటే ఆ దెబ్బ మామూలుది కాదని అర్థం చేసుకోండి. ప్రతి రోజూ అడుగు లోపలికి నొక్కుకుని మళ్ళీ బయటికి వస్తుంది. ఆ కదలిక ఫ్రేము దగ్గరికి వచ్చేసరికి ఒలిచే బలంగా మారుతుంది.

ముందు రూపాయి బిళ్ళ, తర్వాత గ్రైండరు

బోటుని నీడకి చేర్చి మంచినీళ్ళతో కడిగి ఆరనివ్వండి. తర్వాత రూపాయి బిళ్ళ తీసుకుని పట్టీ పొడుగునా ప్రతి రెండు అంగుళాలకీ ఒకసారి తడుతూ వెళ్ళండి. పట్టు ఉన్నచోట టక్కుమని గట్టి శబ్దం వస్తుంది, విడిపోయినచోట డొల్లగా, చచ్చిన శబ్దం వస్తుంది. పక్కన ఇంజిన్లు, పాటలు లేకుండా పొద్దున్నే చెయ్యాల్సిన పని ఇది. డొల్ల ఉన్నంతమేరా సుద్దతో గీత గియ్యండి. కంటికి కనిపించే పగులు జానెడు ఉంటే, డొల్ల మూరెడు ఉండటం మామూలే. బయట వైపు కూడా చూడండి, అక్కడి నున్నటి పైపొర అయిన జెల్‌కోటు మీద సరిగ్గా ఫ్రేము ఉన్న గీత వెంబడే సన్నటి పగుళ్ళు బారుగా ఉంటే ఫ్రేము అడుగు చిప్పకి నేరుగా ఆనుకుని గుచ్చుతోందని అర్థం. పగులులోంచి గోధుమరంగు నీళ్ళు కారుతుంటే లోపల చెక్క నానిపోయింది, అప్పుడు కథ పెద్దదే.

ఇప్పుడు ఊడిన పట్టీని ఉలితో పూర్తిగా లేపి దాని అడుగు వైపు చూడండి. ఈ ఒక్క చూపు కోసమైనా పాత పట్టీ మీదే కొత్త మ్యాట్ వెయ్యకూడదు. అడుగు వైపు నున్నగా, మెరుస్తూ, అద్దంలా ఉంటే అది అసలు ఎప్పుడూ అంటుకోలేదు. కట్టినప్పుడు గీకకుండా వేశారు, లేదా మైనం, డీజిలు, చెమ్మ ఉన్న చోట వేశారు. అప్పుడు డిజైన్ తప్పు కాదు, పని తప్పు. అదే అడుగు వైపు పీచు పీచుగా, చిప్పలోని పోగుల్ని పెరుక్కుని వచ్చి ఉంటే పట్టు బాగానే ఉంది, బరువే దానికి మించి పడింది. అప్పుడు ఎంత బాగా గీకి వేసినా మళ్ళీ ఊడుతుంది, అతుకు ఆకారమే మార్చాలి. రెండూ కలిసి కూడా ఉండొచ్చు, మధ్యలో నున్నగా, అంచుల్లో పీచుగా. అంటే సగం అతుకే మొత్తం బరువు మోసిందన్నమాట పాపం.

పట్టు ఊడాక బరువు ఎక్కడికో ఒకచోటికి పోవాలి కదా, అది పోయిన చోటే అసలు ప్రమాదం. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మీద ఎగురుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 విమానానికి పైకప్పు ముందు భాగం సుమారు 18 అడుగుల మేర ఆకాశంలోనే చీరుకుపోయింది, ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయారు. ఆ పాత 737లలో రేకుల అతుకుల్ని జిగురుతో అంటించి, పైన రివెట్లు కొట్టేవారు. సముద్రపు గాలి, చెమ్మ దూరి జిగురు వదిలేసింది, బరువంతా రివెట్ల మీద పడింది, రివెట్ రంధ్రాల దగ్గర సన్న పగుళ్ళు పుట్టి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. జిగురు ఊడటం బయటికి కనపడలేదు, అదీ సంగతి. మన బోటులోనూ ఒక ఫ్రేము పట్టు వదిలితే దాని పక్క ఫ్రేము మీద బరువు పెరుగుతుంది. కాబట్టి ఊడిన ఫ్రేముతో ఆగకుండా, అటు రెండు ఇటు రెండు కూడా బిళ్ళతో తట్టి చూడండి.

గీకుడు

వరస ముఖ్యం. మొదట మంచినీళ్ళు, ఉప్పు పోవాలి, ఉప్పు మిగిలితే చెమ్మని లాక్కుంటూనే ఉంటుంది. ఆరాక ఎసిటోన్‌తో తుడవాలి. రెండు గుడ్డలు పెట్టుకోండి, ఒకటి తడిపి రుద్దడానికి, రెండోది అది ఆరేలోపే పొడిగా తుడిచెయ్యడానికి. ఆరిపోనిస్తే కరిగిన జిడ్డు మళ్ళీ అక్కడే కూర్చుంటుంది. ఈ తుడుపు గ్రైండరు కంటే ముందు జరగాలి. చేపల జిడ్డు, డీజిలు ఉండగానే గ్రైండరు పెడితే ఆ జిడ్డునంతా గీతల్లోకి మనమే కుక్కినట్టవుతుంది.

తర్వాత 36 లేదా 40 నంబరు డిస్కుతో మెరుపంతా పోయి, పోగులు తెల్లగా కనిపించేదాకా గీకాలి. పెయింటు, జెల్‌కోటు, పైపూత ఏదీ మిగలకూడదు. పాలిస్టర్ రెజిన్ పైపూతలో మైనం కలుపుతారు, ఆరేటప్పుడు అది పైకి తేలి పొరలా నిలుస్తుంది. దాని మీద ఎంత ఖరీదైన రెజిన్ వేసినా మైనాన్నే పట్టుకుంటుంది, బోటుని కాదు. తడి మీద తడి వేసినప్పుడు రెండు పొరలూ ఒకటిగా గట్టిపడతాయి. ఎండిపోయిన పాత ఫైబర్ మీద వేసేటప్పుడు ఆ అదృష్టం లేదు, గరుకుదనమే ఆధారం. రిపేరంతా ఈ గరుకుదనం మీదే ఆధారపడిందని తెలిసీ అందరూ దీన్నే తొందరగా ముగిస్తారు.

చిప్ప కూడా పగిలి ఉంటే పగులు చుట్టూ ఏటవాలుగా గీకాలి, మందానికి కనీసం 12 రెట్లు. అంటే 5 మి.మీ. మందానికి ఒక్కో వైపు 60 మి.మీ. ఇది చూడగానే ఓనరుకి టెన్షన్ వస్తుంది, చిన్న పగులుకి ఇంత గొయ్యి ఏంటండీ బాబూ అని. ఏటవాలు తక్కువైతే పాత పోగుల బరువు కొత్త పోగులకి చేరేలోపే అతుకు అయిపోతుంది. ఇక్కడ మొహమాటపడొద్దు.

చెక్క ఫ్రేము అయితే దాని పైపొర విప్పి, మెత్తబడిన చెక్కంతా కోసి పారెయ్యండి. మిగిలినది ఆరిందో లేదో తెలియాలంటే ఒక పాలిథీన్ ముక్కని నాలుగు పక్కలా టేపుతో అంటించి రాత్రంతా వదిలెయ్యండి, తెల్లారి లోపల ఆవిరి పట్టి ఉంటే ఇంకా ఆరలేదు. నిషేధం 61 రోజులుంటే చివరి వారంలో బోటు తెచ్చేవాళ్ళతో నాకు గొడవ ఇక్కడే. తడి చెక్క మీద వేసిన పట్టీ ఎలాగూ నిలవదు, ఆ డబ్బుతో డీజిలు కొట్టించుకోవడం నయం.

గీకాక దుమ్ముని బ్రష్షుతో, వీలైతే వ్యాక్యూమ్‌తో తియ్యండి. కంప్రెసరు గాలిలో నూనె, నీళ్ళు వస్తాయి, దాన్ని నేను వాడను. అరచేత్తో తడిమి "బాగుందిలే" అనుకోవద్దు, చేతి జిడ్డు చాలు చెడగొట్టడానికి. మే నెలలో ఇంకో శత్రువు మన చెమటే, నుదుటికి తువ్వాలు కట్టుకోండి, లేకపోతే ఒక్కో బొట్టూ సరిగ్గా గీకిన చోటే పడుతుంది. గీకిన రోజే మ్యాట్ పడాలి, రేపటికి వదిలేస్తే రాత్రి సముద్రపు చెమ్మ, ఉప్పు వచ్చి కూర్చుంటాయి. గాజు దుమ్ముకి మాస్కు, కళ్ళద్దాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి, కర్చీఫు కట్టుకుంటే సరిపోదు.

ఏ రెజిన్

పాలిస్టర్ చవక, అందరికీ అలవాటు, పాలిస్టర్ బోటు మీద బాగా గీకితే పని చేస్తుంది. సముద్రానికి ఐసో రకం (నీళ్ళని బాగా తట్టుకునే పాలిస్టర్) తీసుకోండి. చెక్కకి అతికేటప్పుడు, లేదా ఎక్కువ బరువు పడే ఇంజిన్ బెడ్డు దగ్గర నేను ఎపాక్సీ అనే వేరే రకం రెజినే వాడతాను, ఎందుకంటే చెక్కని పాలిస్టర్ సరిగా పట్టుకోదు. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. గట్టిపడిన పాలిస్టర్ మీద ఎపాక్సీ వెయ్యొచ్చు, ఎపాక్సీ మీద మాత్రం పాలిస్టర్ వెయ్యొద్దు, సరిగా గట్టిపడదు, పట్టుకోదు. పోయినసారి ఏం వేశారో ఓనరుని అడగండి. అలాగే మామూలు చాప్డ్ (తరిగిన పోగుల) మ్యాట్‌లో పోగుల్ని పట్టి ఉంచే జిగురు పాలిస్టర్‌లోని స్టైరీన్‌కే కరుగుతుంది, ఎపాక్సీకి కరగదు. ఎపాక్సీతో నేసిన గుడ్డ గానీ, కుట్టిన గుడ్డ గానీ వాడాలి.

పాలిస్టర్‌కి హార్డ్‌నరు (గట్టిపరిచే ద్రవం) 1 నుంచి 2 శాతం, కిలోకి సుమారు 10 నుంచి 20 మి.లీ. ఎండల్లో తొందరగా బిగిసిపోతోందని ఒక శాతం కంటే తగ్గించకండి, పైకి గట్టిగా కనిపించినా లోపల పచ్చిగానే ఉండిపోతుంది. దానికి బదులు ఒక్కోసారి అరకిలో మాత్రమే కలుపుకోండి, బోటు మీద టార్పాలిన్ నీడ వెయ్యండి. గట్టిపడటాన్ని వేగిరపరిచే కోబాల్ట్ ద్రావణాన్ని విడిగా కొనేవాళ్ళకి: కోబాల్ట్‌ని, హార్డ్‌నరుని నేరుగా ఎప్పుడూ కలపొద్దు, పేలుతుంది. ముందు కోబాల్ట్ రెజిన్‌లో పూర్తిగా కలిశాకే హార్డ్‌నరు. ఆ హార్డ్‌నరు చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు, పక్కన బిందెడు మంచినీళ్ళు పెట్టుకోండి, పడితే కనీసం పావుగంట ఆపకుండా కడిగి ఆస్పత్రికి పరిగెత్తండి. ఎపాక్సీలో ఈ తగ్గించడం పెంచడం కుదరదు, డబ్బా మీద రాసిన పాళ్ళే, త్రాసు పెట్టి.

పట్టీ వెయ్యడం

ఫ్రేము అడుగు చిప్పకి నేరుగా ఆనకూడదని పైన చెప్పాను కదా, గుచ్చుతున్న ఫ్రేము అయితే అడుగున కొంచెం కోసి సన్నటి ఫోమ్ పట్టీ దూర్చండి. చిప్ప ఊగినప్పుడు ఫోమ్ నలుగుతుంది, బరువు పట్టీల ద్వారా వెళ్తుంది. తర్వాత మూల. గాజు పోగు లంబకోణంలో వంగదు, వంచితే వెనక గాలి బొర్ర మిగులుతుంది, ఆ బొర్రే రేపటి పగులు. అందుకని రెజిన్‌లో ఏరోసిల్ (చిక్కబరిచే తేలికపాటి పొడి), తరిగిన పోగులు కలిపి ముద్దలా చేసి మూలలో నింపి, గుండ్రటి చెక్కతో గానీ, ముక్క పైపుతో గానీ లాగితే నున్నటి వంపు వస్తుంది. కనీసం 12 మి.మీ. వంపు ఉండాలి. టాల్కం పౌడరు ముద్ద చవకే కానీ పెళుసు, ఇక్కడ వాడొద్దు.

ఆ ముద్ద బిగిసీ బిగియనప్పుడే మొదటి మ్యాట్ పడాలి. మూడు పొరల పట్టీ అనుకుందాం. ఒక పొర రెండు వైపులా 100 మి.మీ., తర్వాతది 75, చివరిది 50. పెద్దది ముందా చిన్నది ముందా అని మా షెడ్డులోనే రెండు పార్టీలున్నాయి. నేను పెద్దది ముందు వేస్తాను, పాత ఫైబర్‌ని పట్టుకునే వైశాల్యమంతా ఒకే పొరకి దొరుకుతుంది, తర్వాత అంచు సాపు చేసేటప్పుడు ముఖ్యమైన పోగులు తెగవు. ఏ పార్టీ అయినా సరే, అంచులన్నీ ఒకే గీత మీద ఆగకూడదు, మెట్లు మెట్లుగా సన్నబడాలి.

పాత ఫైబర్‌కి తగిలే మొదటి పొర ఎప్పుడూ మ్యాటే, నేసిన రోవింగ్ (పోగుల కట్టలతో నేసిన గుడ్డ) కాదు. మ్యాట్ రెజిన్‌ని ఎక్కువ పీలుస్తుంది, గరుకులోకి బాగా కూర్చుంటుంది. ముందు గీకిన చోట వట్టి రెజిన్ పూసి, దాని మీద మ్యాట్ పరిచి, బ్రష్షుతో పొడుస్తూ, రోలరుతో గాలి బయటికి తోలాలి. 450 గ్రాముల మ్యాట్ చదరపు మీటరుకి రెజిన్ సుమారు ఒక కిలో నుంచి 1.1 కిలో పడుతుంది, పొర మందం దాదాపు 1 మి.మీ. వస్తుంది. రోవింగ్‌కి దాని బరువంత రెజిన్ చాలు. మెరిసేంత పోస్తే బలం పెరుగుతుందని కుర్రాళ్ళు అనుకుంటారు, పోగులు మోసే బరువుని రెజిన్ మొయ్యలేదు. ఒకేసారి మూడు నాలుగు పొరలు దాటొద్దు, వేడెక్కి పొగలు వస్తాయి, పట్టీ ముడుచుకుని అంచు లేస్తుంది.

స్ట్రింగరు చివర్ని మాత్రం మర్చిపోవద్దు. నిలువు స్ట్రింగరుని చిప్ప మధ్యలో ఉన్నట్టుండి తెగ్గొట్టినట్టు ఆపితే ఆ చివరే కత్తిలా పని చేస్తుంది. ఇంకో ఫ్రేము దాకా తీసుకెళ్ళి ఆపండి, కుదరకపోతే చివరి అడుగున్నర మేర ఎత్తుని తగ్గిస్తూ చిప్పలో కలిపెయ్యండి. బోల్టులు కూడా వేద్దామా అని అడుగుతారు. జిగురు బాగున్నంతకాలం బోల్టు ఊరికే ఉంటుంది, కానీ పట్టీ చివర ఒలవకుండా ఒక బోల్టు పెద్ద వాషరుతో బిగిస్తే మంచిదే, రంధ్రం అంచుల్ని రెజిన్‌తో మూసి ఉంటేనే సుమా. నీళ్ళు పారడానికి ఫ్రేములో వేసే రంధ్రాలకీ ఇదే మాట, చెక్క నానడం ఎక్కువగా అక్కడే మొదలవుతుంది.

వేసేటప్పుడే పక్కన, ఎలాగూ పెయింటు వేసి కప్పేసే చోట, అదే గీకుడుతో అదే రెజిన్‌తో అరచెయ్యంత మ్యాట్ ముక్క ఒకటి వెయ్యండి, ఒక అంచు కింద టేపు పెట్టి వదులుగా ఉంచి. రెండు రోజుల తర్వాత ఆ వదులు అంచు పట్టుకుని ప్లయరుతో ఒలవండి. పీచు పీచుగా చిరుగుతూ వస్తే మీ పట్టీ బాగున్నట్టే. నున్నగా మొత్తంగా ఊడి చేతికి వచ్చిందా, పట్టీ కూడా అంతేనని ఒప్పుకుని మళ్ళీ గ్రైండరు ఎత్తాలి. నాకూ రెండుసార్లు అయింది, ఒకసారి గీకడం మధ్యలో ఆపి భోజనానికి వెళ్ళిన రోజు, ఇంకోసారి కొత్త కుర్రాడు డీజిలు గుడ్డతో తుడిచిన రోజు.

వారం ఆరాక నీళ్ళలోకి దించండి. పెయింటు వేసే ముందు పట్టీ అంచుల వెంబడి ఎక్కడికక్కడ బిళ్ళతో తట్టి ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. పది రోజుల వేట తర్వాత బోటు ఒడ్డెక్కినప్పుడు మళ్ళీ తట్టి రెండు శబ్దాలూ పోల్చి చూడండి. ఎక్కడైనా రెండు మూడు అంగుళాల డొల్ల కొత్తగా వినిపించిందంటే అది అంచు దగ్గరే ఉంటుంది, అప్పటికి ఆ ముక్క వరకే గీకి వేస్తే పూట పని.